పలికేదాకా పూచీ మాదే

మా కొట్టు అకిహబారాలో, రైలు వంతెన కిందున్న రేడియో విడిభాగాల సందులో ఉంది. ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటుండదు. ఇంట్లోనే బిగించుకునే రేడియో కిట్లు అమ్ముతాం. కిట్ రూపొందించింది నా భాగస్వామి కజివారా, భాగాలు లెక్కపెట్టి సంచుల్లో వేసేది నేను. లోపల పెట్టే కాగితం మీద మా ఫోన్ నంబరు, దాని కింద "పలికేదాకా పూచీ మాదే" అన్న మాట ఉంటుంది.

కొన్నవాళ్లు బిగించలేక ఫోన్ చేస్తే కజివారా గంటలకొద్దీ ఓపిగ్గా చెప్పేవాడు. పోయేముందు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, ఫోన్ మాత్రం తీసెయ్యకురా అన్నాడు. సరేనన్నాను. అంత్యక్రియలైన వారానికే లైను తీయించేశాను. కిట్లలో మాత్రం ఆ నంబరున్న పాత కాగితాలే వేస్తున్నాను. నాకంత ఓపిక లేదు, ఏం చెయ్యను? అది మూడేళ్ల కిందటి మాట. ఇప్పుడు పూర్తిగా అలసిపోయాను. నెలాఖరుకి కొట్టు మూసేస్తున్నానని రాసి, కింద సుకుదా అని సంతకం చేసి తలుపుకి అంటించాను. ఆ తర్వాత కంటినిండా నిద్రపోవాలి, అంతే.

నిన్న మధ్యాహ్నం వాన. సందంతా తడి గొడుగుల వాసన. హొసోయి అనే పెద్దావిడ ఒక రేడియో తెచ్చి బల్లమీద పెట్టింది. పోయినవారం మా దగ్గర కొన్న కిట్టే. మీట వేస్తే చక్కగా పలికింది. ఆ సంగతి చెప్పిపోదామని వచ్చిందట.

మూత తీసి చూశాను. ప్రతి తీగా ఎడమవైపుకే వంచి సోల్డరింగ్ చేసి ఉంది. అలా వంచేవాడు కజివారా ఒక్కడే...

"మీకిది ఎవరు నేర్పారమ్మా?"

"మీవాళ్లే, ఫోన్లో. లైను దొరకడానికే గంట పట్టింది. ఎంతమంది చేస్తున్నారో పాపం."

ఆవిడ గొంతు తగ్గించింది.

"ఆయన బాగా అలసిపోయారండీ. ఒక్కణ్ణే చెయ్యలేకపోతున్నా, సుకుదా ఎప్పుడు ఖాళీ అవుతాడు అని అడిగారు."

"మీరేమన్నారు?"

"నెలాఖరుకని చెప్పా. తలుపుమీద రాశారు కదా. ఎంత సంతోషించారో."

ఆవిడ వెళ్లగానే తలుపుమీది కాగితం చింపేశాను. పాత ఫోను బల్లకింద, అట్టపెట్టెల వెనక పడి ఉంది. దాని తీగ ఎప్పుడో కోసేశారు. వంగి, మెల్లగా బయటికి లాగాను... ఫోను ఒళ్లంతా మూడేళ్ల దుమ్ము.

రిసీవరు మీద మాత్రం దుమ్ము లేదు. పట్టుకుని చూశాను.

వెచ్చగా ఉంది.