సుబేదారు అప్పజెప్పిన కొడుకు

బసంత్ కౌర్ పెరుగు చిలుకుతుండగా ఊరి చౌకీదారు వాకిట్లో నిలబడి నసిగాడు.

"వదినా, ఠాణా నుంచి కబురు. నిర్వైర్‌ని ఇంకోసారి హాజరు పరచమన్నారు."

ఆమె కవ్వం తాడు వదిలేసి లేచింది. ఆ రోజుల్లో పంజాబు సరిహద్దు ఊళ్ళలో తలపాగా చుట్టిన కుర్రాడైతే చాలు, ఉగ్రవాదేమోనని పోలీసులకి అనుమానమట! పోయిన నెల ఆమె భర్త, సైన్యంలో సుబేదారుగా చేసిన పూరన్ సింగ్, ఒక్కగానొక్క కొడుకు నిర్వైర్‌ని పంచాయతీ పెద్దల్ని వెంటబెట్టుకుని మరీ ఠాణాలో అప్పజెప్పి వచ్చాడు. తప్పు చేయనివాడికి భయమెందుకన్నాడు. ఠాణాలోని ఆ దుర్మార్గులు వాడి తొడల మీద దుంగ దొర్లించారు, జుట్టు కత్తిరించారు, చివరికి రోడ్డు మీద పడేసిపోయారు. అప్పటినుంచి నిర్వైర్ తండ్రితో మాట్లాడలేదు, 'బాపూ' అని పిలవలేదు.

పూరన్ సింగ్ కోటు తొడుక్కున్నాడు.

"పద నిర్వైర్. పోకపోతే పారిపోయాడంటారు. కాల్చి పారేసినా అడిగే దిక్కుండదు."

"పోతే మాత్రం అడిగారా ఎవరైనా?" బసంత్ కౌర్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "పుట్టాక కత్తెర తగలని జుట్టు! నా చేతులతో నూనె రాసి దువ్విన జుట్టు! కత్తిరించింది మీలాంటి యూనిఫాం వాళ్ళేగా అని ఊరుకోమంటారా?"

"నోర్ముయ్! ఇన్నేళ్ళు సైన్యంలో చేశాను. నా మాటకి..."

"విలువుందా? ఏదీ, చూపించండి! వాడి కాళ్ళ మీద ఉందా? ఈసారి నా శవాన్ని దాటి తీసుకెళ్ళండి!"

మంచం మీంచి లేవబోయి నిర్వైర్ కూలబడ్డాడు. "వదిలెయ్యమ్మా, పోతాను. ఆయన పరువు నిలబడనీ."

పూరన్ సింగ్ ముఖం మాడిపోయింది. కొడుకు కాళ్ళ వంక చూసి, బయటికి నడిచాడు. ఠాణా వాళ్ళ కాళ్ళావేళ్ళా పడడానికే పోయుంటాడని ఆమె పళ్ళు నూరింది.

కాసేపటికి గురుద్వారా మైకు గరగరలాడింది.

"నేను సుబేదారు పూరన్ సింగ్‌ని. నా కొడుకుని నా చేతులతోనే కసాయివాళ్ళకి అప్పజెప్పాను. నా బుద్ధి గడ్డి తింది. మళ్ళీ అడుగుతున్నారు. ఇవ్వను! కావాలంటే పట్టపగలు ఊరందరి ముందూ రమ్మనండి. బిడ్డల్ని కన్నవాళ్ళు మా ఇంటికి రండి. మీకు దణ్ణం పెడతాను."

ఆ గొంతు అలా బొంగురుపోవడం ఆమె ఎన్నడూ వినలేదు. కోపం చల్లారలేదు గానీ, కళ్ళు మాత్రం ధారలు కట్టాయి. అప్పుడే సందులో ఆడవాళ్ళ మాటలు దగ్గరయ్యాయి.

నిర్వైర్ గోడ పట్టుకుని లేచాడు. "అమ్మా, చెయ్యివ్వు."

"ఎక్కడికిరా ఈ కాళ్ళతో?"

"బాపు ఒక్కడే ఉన్నాడక్కడ."