రెండో థియేటర్లో చలి

నరసరావుపేటలో ఆ ఆసుపత్రి నర్సుల్ని ఎవర్నడిగినా చెబుతారు... పొద్దుగూకాక రెండో థియేటర్లోకి మనిషిని తీసుకెళ్ళకూడదని. మొదట్లో అంతా బాగానే ఉంటదంట. ఉన్నట్టుండి కరెంటు పోయిద్ది. తిరిగొచ్చేసరికి బల్ల మీద మనిషి నుదురు చల్లబడటం మొదలైద్ది. తల దగ్గర ఎవరో నిలబడి చల్లటి చెయ్యి వేసినట్టు...

కొత్తగా చేరిన మత్తు డాక్టరు ఉజ్మా ఈ మాటలకి నవ్వేది. ఆ సాయంత్రం మాత్రం నవ్వే ఓపిక లేదు. పొద్దుటి నుంచీ నిలబడే ఉంది. కాళ్ళు తనవి కానట్టున్నాయి. ఇంటికి బయల్దేరబోతుంటే కారంపూడి నుంచి పుల్లయ్య అనే రైతుని తెచ్చారు. మిరపకాయల ట్రాక్టరు బోల్తాపడి కడుపు నలిగింది. లోపల రక్తం కారిపోతోంది. మొదటి థియేటర్లో కాన్పు ఆపరేషను నడుస్తోంది. ఖాళీగా ఉన్నది... రెండోదే.

సర్జన్ ప్రవీణ్ కడుపు తెరిచాడు. ఉజ్మా తల దగ్గర కూర్చుంది. గొంతులోంచి దించి లోపలి వేడి చూసే గొట్టం ఎప్పుడో పాడైంది. ఉన్నదల్లా నుదుటికి అంటించే బిళ్ళ. చర్మం వేడిని బట్టి ఒంటి లోపల ఎంత వేడుందో అంచనా కట్టి తెర మీద చూపిస్తది.

ముప్పై ఆరు డిగ్రీలు. పర్లేదు.

లైట్లు ఆరిపోయాయి.

జనరేటర్ అందుకుంది. వెలుగొచ్చింది. కాసేపటికి తెర మీద ముప్పై ఐదు... ఇంకాసేపటికి ముప్పై నాలుగు...

"వచ్చింది," అని గొణిగింది హెడ్ నర్సు ప్రమీలమ్మ.

ఉజ్మా గ్లవ్ తీసి పుల్లయ్య నుదురు తాకింది. మంచు!

"ఇంత చల్లబడితే రక్తం గడ్డకట్టదు," అన్నాడు ప్రవీణ్. "గుడ్డలు కుక్కి మూసేద్దాం. గుంటూరు పంపిద్దాం."

దారిలో పోతాడని అందరికీ తెలుసు.

ఉజ్మా కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా ఏదో పొసగడం లేదు. దవడ కింద వేళ్ళు పెట్టి చూసింది... వెచ్చగా ఉంది.

"సార్... మీ చెయ్యి లోపలే ఉందిగా. ఎట్టా ఉంది?"

ప్రవీణ్ ఆగాడు. "వెచ్చగానే ఉందే!"

ఉజ్మా చప్పున తన అరచెయ్యి ఆ బిళ్ళ మీద కప్పింది. ఒక్క క్షణం... చేతి వెనక భాగం మీద చల్లటి ఊపిరి తగిలింది.

తలెత్తి చూసింది.

నెత్తిన ఏసీ. కరెంటు పోయి వచ్చినప్పుడు దాని రెక్క కిందికి వాలి, గాలి తిన్నగా రోగి నుదుటి మీదికే కొడుతోంది! బిళ్ళ మీద మందంగా దూది పరిచి, ఏసీ ఆపించింది. అంకె ఒక్కొక్కటే ఎక్కుతూ మళ్ళీ ముప్పై ఆరుకొచ్చింది.

"కానివ్వండి సార్."

ఆపరేషను పూర్తయింది. బయటికెళ్ళి పుల్లయ్య భార్యకి బతుకుతాడని చెప్పొచ్చింది ఉజ్మా. థియేటర్లో ప్రమీలమ్మ ఒక్కతే ఉంది. ఖాళీ బల్ల పక్కన.

"అయితే అదంతా ఏసీ గాలేనా అమ్మా?"

"గాలే. చల్లబడింది నుదురు ఒక్కటే సిస్టర్. మనిషి కాదు."

ప్రమీలమ్మ మెల్లగా స్టూలు మీద కూలబడింది.

"మీరు రాకముందు మా అక్క కొడుకుని తెచ్చారమ్మా. ఇదే బల్ల. చల్లబడిపోతన్నాడని సగంలో కుట్టేసి గుంటూరు పంపించారు. దారిలో ఫిరంగిపురం దాటలా..."

ఉజ్మా ఇంకో స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

"అంబులెన్సులో వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నా. చివరిదాకా ఆ చెయ్యి వెచ్చగానే ఉందమ్మా," అంది ప్రమీలమ్మ, గొంతు తగ్గించి. "గది దాటాం గదా... దెయ్యం వదిలేసిందనుకున్నా."