మంజీర అనుకున్నాడు

రోజూ దీపం పెట్టే ఇంటికి చేతబడి ఎలా తగులుతుంది? తొమ్మిదేళ్లుగా బీరయ్య మనసును తొలిచేస్తున్న సందేహం ఇది. పూజారిని అడిగితే పూర్వజన్మ కర్మ అన్నాడు. డాక్టరును అడిగితే నరాల బలహీనత అన్నాడు. దేవుణ్ణి అడిగితే... ఆయన ఏమీ అనలేదు!

బీరయ్యది ఎల్లారెడ్డి. రైల్వేలో పట్టాల వెంట నడిచి వాటిని చూసుకునే కీమన్. బాణామతి పేరు చెప్పి జనాన్ని బెదిరించే నర్సింగం అనే మాంత్రికుణ్ణి పదిమందిలో నిలదీసి, ఊరి నుంచి వెళ్లగొట్టించింది అతనే. ఆ నెల అమావాస్యకే అతని భార్య వినోదకు ఏదో పట్టింది! ఇక ప్రతి అమావాస్యా అంతే... కళ్లు తేలేస్తుంది, నోట మగగొంతు పలుకుతుంది. మొక్కులు, తాయెత్తులు, ఆసుపత్రులు... ఒక్కటీ పనిచేయలేదు. ఏరు దాటితే మంత్రం చెల్లదని ఎవరో అన్నారు. బీరయ్య అధికారుల కాళ్లావేళ్లా పడి, సముద్రం ఒడ్డున ఉన్న నీలరేవు అనే చిన్న స్టేషనుకు బదిలీ చేయించుకున్నాడు. కామారెడ్డిలో రైలెక్కి ఎన్ని నదులు దాటాడో! మంత్రం మాత్రం టికెట్ లేకుండానే వెంట వచ్చింది.

ఆ రోజు అమావాస్య. సెలవు అడిగితే దొరకలేదు. అసుర సంధ్యవేళ... ఆకాశం కాటుకలా నల్లబడింది. సముద్రం మీద ఉరుములు దొర్లాయి. తాటితోపులో గుడ్లగూబ కర్ణకఠోరంగా అరిచింది! డ్యూటీ నుంచి వచ్చిన బీరయ్యకు క్వార్టరు తలుపు బార్లా తెరిచి కనిపించింది. లోపల వినోద లేదు! ఆమె అడుగుజాడలు పట్టాలు దాటి, ఇసుకలో నీళ్లవైపు సాగాయి. గుండెలవిసేలా పరుగెత్తాడు.

అప్పుడే పోటెత్తుతున్న సముద్రం ముందు పసుపు కుంకుమలతో గీసిన త్రికోణం. మధ్యలో జుట్టు విరబోసుకుని, కొయ్యబొమ్మలా వినోద! ఎదురుగా కపాలం చేతబట్టి... నర్సింగం!

"ఏందిరో బీరిగా! నలుగుర్ల నా ఇజ్జత్ దీస్తివి గదరా! గీ సముద్రం కాడ దాక్కుంటే ఇడ్సిపెడ్త అనుకున్నవా?"

"నీ పగ నా మీద గద! ఆమె ఏం జేసింది? నన్ను సంపు!"

"నిన్ను సంపితే నీకేం బాధ? నువ్వు బత్కాలె... బత్కినన్ని దినాలు ఏడ్వాలె!"

బీరయ్య ముందుకు దూకాడు. మాంత్రికుడు విసిరిన బూడిద తగిలి, కాళ్లు ఇసుకలో పాతుకుపోయాయి! రోజూ చదివే స్తోత్రం ఒక్క ముక్కయినా గుర్తుకు రాలేదు.

"ఎన్ని దీపాలు పెట్టిన నీకు! ఒక్కసారన్న ఇటు జూడవా?" అని ఆకాశం వైపు అరిచాడు. అది ప్రార్థన కాదు... కోపం!

నర్సింగం కపాలంలో వినోద తలవెంట్రుకలు కూరి, నల్లదారం చుట్టాడు. ఊళ్లో మంజీర నది ఒడ్డున అతడు ఎన్నోసార్లు చేసిన క్రతువు అది. నీటిలో వదిలిన కపాలం దూరమైనకొద్దీ మనిషి ప్రాణమూ దూరమవుతుంది. తిరిగొచ్చి వదిలినవాడి కాళ్లకు తగిలితే మాత్రం మంత్రం వాణ్ణే పట్టుకుంటుంది. అయితే మంజీరలో వేసింది ఎన్నడూ వెనక్కి రాలేదు. ఆ భయమే అతనికి తెలియదు!

"హ్రీం... ఫట్!"

కపాలం నీళ్లలో పడింది. వినోద కూలిపోయింది... పెదవులు నీలమయ్యాయి... ఊపిరి సన్నగిల్లింది...

ఒక అల కపాలాన్ని లోపలికి లాక్కుంది. వెనకాలే వచ్చిన పెద్ద అల దాన్ని తెచ్చి నర్సింగం ముందు పడేసింది! అతడు ఉలిక్కిపడి, తీసి ఇంకా దూరం విసిరాడు. మళ్లీ వచ్చింది!

"ఏందిది? నీళ్లు ఉల్టా వస్తున్నయేంది?"

మూడో అల మోకాళ్లెత్తున లేచింది. కపాలం అతని పాదానికి ఢీకొంది... ఎముకల దవడ చీలమండను కరిచి పట్టింది! తొమ్మిదేళ్లు వినోద నోట పలికిన మగగొంతు ఇప్పుడు ఆ కపాలంలోంచి పలికింది.

"నన్ను తోలినోడివి నువ్వే... పా!"

ఆర్తనాదం... ఉరుము... అల వెనక్కి మళ్లింది. త్రికోణం లేదు, పసుపు కుంకుమల జాడ లేదు, నర్సింగమూ లేడు!

బీరయ్య కాళ్లు వదులయ్యాయి. వినోదను ఎత్తుకుని పట్టాల గట్టు మీదికి చేర్చాడు. ఆమె దగ్గి, కళ్లు తెరిచింది.

"ఏందయ్యా, గిట్ల తడ్సినవ్? జరం రాదా?"

అది ఆమె గొంతే. బీరయ్య పసిపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాతి అమావాస్య ఆదివారం వచ్చింది. వినోద పొద్దున్నే లేచి జొన్నరొట్టెలు చేసింది. బీరయ్య తోటి కీమన్ అబ్రాహాము ఇంటికి వెళ్లాడు. మూడేళ్ల కిందట, ఈ ఊరికి వచ్చిన మొదటి అమావాస్య నాడు, అబ్రాహాము అతని బదులు పట్టాల వెంట ఎనిమిది కిలోమీటర్లు నడిచాడు. బదులుగా ఒక్క ఆదివారం అడిగాడు, అంతే. ఆసుపత్రులకూ గుళ్లకూ తిరగడంతో బీరయ్యకు ఆ ఆదివారం ఎప్పుడూ మిగల్లేదు.

"ఇయ్యాల నీ డ్యూటీ నాది. నువ్వు చర్చికి పో అన్నా."

"అమావాస్య కదయ్యా! మరి ఇంటి దగ్గర?"

"ఆమెనే పొమ్మన్నది."

అబ్రాహాము పెట్టెలోంచి తెల్లచొక్కా తీశాడు. బీరయ్య సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచాడు.