అత్తయ్య తప్పిన కొలత

"ఈ పాలు నేను తాగను అత్తయ్యా!"

అనేసింది కోడలు. అన్నాక తనే నాలుక్కరుచుకుంది. పెళ్లయిన మూడేళ్లలో అత్తయ్య ఇచ్చినదేదీ వద్దనలేదు మరి!

అత్తయ్య బట్టలు కుట్టే మనిషి. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. కోడలికి ఐదో నెల వచ్చినప్పటినుంచి ప్రతి సోమవారం పొద్దున్నే పొట్ట కొలిచి, క్యాలెండరులో రాసుకుని, గౌను కుట్లు విప్పి వదులు చేస్తోంది. పోయిన రెండు వారాల్లోనే రెండంగుళాలు పెరిగేసరికి ఆమె సంబరానికి పట్టపగ్గాల్లేవు. "లోపలున్నది పహిల్వానే!" అంటూ బిడ్డకు పెద్ద కొలతతో ఒక చొక్కా కుట్టిపెట్టింది. కోడలి పాలలో పంచదార మరో రెండు చెంచాలు పెంచింది.

కోడలి సంచిలో మాత్రం పది రోజులుగా డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం నలుగుతోంది. కడుపుతో ఉండగా వచ్చే షుగర్. తీపి మానాలి, తిన్నాక నడవాలి, వేలికి గుచ్చి చూసుకోవాలి. చెబితే అత్తయ్య మనసు చివుక్కుమంటుందని ఆ పాలన్నీ తాగేసింది వెర్రితల్లి! ఈ రోజు పరీక్షలో వచ్చిన అంకె చూసి డాక్టరమ్మ గట్టిగానే కేకలేసింది.

"ఎందుకు తాగవు? నేనేమైనా విషం కలిపానా?" అంది అత్తయ్య.

"నాకు షుగర్ వచ్చింది అత్తయ్యా... ఇలాగే ఉంటే బిడ్డ మరీ పెద్దదైపోతుందట. కాన్పులో భుజాలు ఇరుక్కోవచ్చట. పుట్టగానే బిడ్డకు షుగర్ పడిపోవచ్చట..."

"భుజాలా?"

అత్తయ్య కుట్టుమిషను ముందు కూలబడింది.

"మీ ఆయనకంటే ముందు నాకొక ఆడపిల్ల, తల్లీ... నాలుగున్నర కిలోలు! తల వచ్చింది, భుజాలు రాలేదు. బయటికి తీసేసరికి ఏడుపే లేదు... ఎందుకో ఎవరూ చెప్పలేదు. నా తిండి చాలకే దానికి బలం లేకపోయిందని ముప్ఫై ఏళ్లుగా ఏడుస్తున్నానే! అందుకే నీకు..."

మాట పూర్తి కాలేదు. కోడలు ఆమె తలను పొట్టకు హత్తుకుంది.

"మీకూ ఇదే వచ్చిందో లేదో ఇప్పుడెవరూ చెప్పలేరు అత్తయ్యా. అప్పుడు పరీక్ష చేసినవాళ్లే లేరుగా! తప్పు మాత్రం మీది కాదు."

అత్తయ్య కళ్లు తుడుచుకుని లేచి, పాలు తనే గటగటా తాగేసింది. "పద, నడుద్దాం" అంది.

ఆ రోజునుంచి ప్రతి భోజనం తర్వాతా ఇద్దరూ వీధి చివరిదాకా నడిచారు. అదీ చాలక ఇన్సులిన్ కూడా అవసరమైంది, అది అత్తయ్యే వేసేది. సూదులతో బతికిన మనిషి కదా, చెయ్యి ఒక్కసారైనా వణకలేదు.

ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోల నూరు గ్రాములు. నర్సు మడమకు గుచ్చి షుగర్ చూస్తుంటే వార్డు ఎగిరిపోయేలా ఏడ్చింది. తల్లి ఆరు వారాల తర్వాత మళ్లీ షుగర్ పరీక్షకు రావాలన్నారు. అత్తయ్య ఆ తేదీ రాసుకుంది.

తర్వాత తను కుట్టిన చొక్కా తొడిగింది. అది పాప భుజాల మీదినుంచి జారిపోయింది!

"నువ్వు కొలత తప్పావు అత్తయ్యా" అంది కోడలు నవ్వుతూ, మొదటిసారి 'నువ్వు' అని.

"తప్పానే, తల్లీ... తప్పాను!" అని అత్తయ్య ఆ చిన్ని భుజాలను ముద్దాడుతూ వెక్కివెక్కి ఏడ్చింది.