వాల్వులో వెటకారం

పొద్దున్న పదకొండు గంటలకి ఎదురింటి దంపతులు డాబా మీద నిలబడి ఒకరి మేలు ఒకరు కోరుకుంటున్నారు. ఆవిడ చేతిలో చీపురుంది. ఆయన చేతిలో బకెట్టు మూత ఉంది. ఇద్దరి మొహాలూ కందగడ్డల్లా ఉన్నాయి.

"మీ ఆరోగ్యం జాగ్రత్తండీ" అంటోంది ఆవిడ చీపురు తిరగేస్తూ.

"నీ మంచితనం మరిచిపోలేనే" అంటున్నాడాయన, మూతని డాలులా అడ్డం పెట్టుకుని.

మంగతాయారుకి ఇంకాస్సేపు చూడాలనే ఉంది గానీ చేతిలో సోల్డరింగ్ కడ్డీ కాలుతోంది. కిటికీ తలుపు దగ్గరకి వేసి బల్ల దగ్గరకి వచ్చింది.

మృదుశ్రవణి కాకినాడకి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. చెవి లోపల ఇమిడిపోయే కందిగింజంత పరికరం. మొదట్లో అది హారన్లూ, కుక్కల అరుపులూ, పెళ్ళిళ్ళ మైకులూ మాత్రమే వడకట్టేది. జనం చేతులెత్తి దణ్ణం పెట్టారు. తరవాత గొంతుల్లోని కరుకు తీసేసింది. ఆ తరవాత మాటలకే వచ్చింది. ఎవరైనా నొప్పి కలిగించే మాటంటే, విడ్డూరంగా అదే గొంతుతో, అదే పొడవులో ఇంకో మాట అతికించి వినిపిస్తుంది. దాన్ని సౌమ్యీకరణ అన్నారు. కోర్టుల్లో కేసులు సగానికి పడిపోయాయి. ఈ సంగతి అందరికీ తెలుసు. అయితే ఎవరికి వాళ్ళు ఒకటే అనుకునేవాళ్ళు: ఈ సౌమ్యీకరణ ఎదురింటివాళ్ళకి అవసరం, మనింట్లో అలాంటి మాటలు ఎవరంటారు?

మంగతాయారు కూడా అంతే. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివిన మనిషే, అయినా అంతే.

పాత పేర్లు మళ్ళీ మోజైన రోజుల్లో పుట్టింది కనక ఆవిడకా పేరు. డెబ్భై నాలుగేళ్ళ అత్తగారి పేరు మాత్రం తన్మయి. భర్త కోదండం సముద్రపు గోడ దగ్గర పంపులు చూసే ఉద్యోగి, చీకటితో వెళ్ళి చీకటితో వస్తాడు. పొద్దల్లా ఇంట్లో ఉండేది ఈ ఇద్దరు ఆడవాళ్ళూ, ఒక యాంప్లిఫయరూ.

ఆ యాంప్లిఫయరుని మంగతాయారు జగన్నాథపురం వంతెన కింద పాతసామాన్ల కొట్టులో కొన్నది. హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినే రకం. పైన రెండు గాజు వాల్వులు, చిన్న చిన్న లాంతరు చిమ్నీల్లా. స్విచ్చి వేశాక అర నిమిషం ఆలోచించుకుని ఎర్రబడతాయి. ఆ అర నిమిషం కోసమే కొన్నానని ఆవిడ కోదండానికి చెప్పింది. అది అబద్ధం. ఆవిడకి దాన్ని విప్పాలనిపించింది.

విప్పింది. ఏడాదిపాటు ఒక్కొక్కటిగా, మైనం కారిన పాత కెపాసిటర్లన్నీ పీకేసి కొత్తవి వేసింది. వాల్వులు మార్చింది. వాటిని వేడిచేసే తీగలు రెండూ దూరం దూరంగా పోతుంటే బుయ్యిమని రొద వస్తోందని వాటికి గట్టిగా పురిపెట్టింది. ఇలా ఒక్కో మార్పు చేసి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేది. ప్రతిసారీ అమోఘంగా ఉండేది. ఎంత అమోఘంగా అంటే, ఒకసారి ఒక తీగ అతకడం మరిచిపోయినా అంతే అమోఘంగా ఉంది. అప్పుడు వెలిగింది ఆవిడకి, తను వింటున్నది యాంప్లిఫయరుని కాదు, చెవిలో కందిగింజని.

మృదుశ్రవణిని ఏడాదికోసారి కడగడానికి తియ్యచ్చు, దానికో కొక్కెం ఇస్తారు. సోమవారం ఆవిడ అది తీసి విన్నది. ఏదీ సరిగ్గా వినపడలేదు. ఇరవై రెండేళ్ళు గోరుముద్దలు తిన్న చెవులు, నమలడం మరిచిపోయాయి. లోకమంతా బొంత కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది. చెవులకి బలం లేనప్పుడు ఆ బలమేదో యాంప్లిఫయరుకే ఇవ్వాలి. వాల్వు కాళ్ళ దగ్గరున్న ఒక రెసిస్టరు పక్కన చిన్న కెపాసిటరు తగిలిస్తే అది రెట్టింపు గట్టిగా పలుకుతుంది. ముందువైపు ఒక మైకు కలిపితే గదిలో చప్పుళ్ళే పరీక్షకి చాలు. ఇవాళ్టి పని అది.

"అత్తయ్యగారూ, కాస్త టార్చి పడతారా?"

తన్మయిగారు వచ్చి టార్చి పట్టింది. ఏడాదిగా ఈ పని ఆవిడదే. చెయ్యి వణకదు. ఎక్కడ వెలుగు కావాలో అడక్కుండానే అక్కడికి తిప్పుతుంది. అలా పట్టుకునే ఏదో అంటుంది కూడా.

"పని చక్కగా సాగుతోందా అమ్మా? నిన్నటి చారు చాలా బాగుంది" అంది ఇప్పుడు.

"సంతోషం అత్తయ్యగారూ."

తన్మయిగారి పెదవి ఒకపక్కకి వంగి, మళ్ళీ మామూలుగా అయింది.

ఈ శనివారం ఆవిడ ఇల్లు వదిలి వెళ్ళిపోతోంది. యానాం దగ్గర పెద్దల కోసం కట్టిన నివాసంలో గది తీసుకుంది, ఇక అక్కడే. ఎవరూ పొమ్మనలేదు. ఎందుకత్తయ్యగారూ అని మంగతాయారు మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "ఏం లేదమ్మా, మీరందరూ మంచివాళ్ళే" అన్న జవాబే వినపడింది. నిజం చెప్పాలంటే మంగతాయారుకి అత్తగారితో మాట్లాడ్డం పెసరకట్టు తాగినట్టుంటుంది, ఒంటికి మంచిదే, రుచే ఉండదు. అయినా ఆ టార్చి వెలుగు లేని బల్లని ఊహించుకుంటే ఈ వారమంతా అన్నం సయించడం లేదు. ఇవాళ గురువారం.

కరెంటు తీసేసినా ఈ యాంప్లిఫయరు కడుపులో కాసేపు షాకు దాక్కుని ఉంటుంది. అందుకని ఎడమచెయ్యి దూరంగా పెట్టుకుని ఒంటిచేత్తో పనిచెయ్యాలి. మంగతాయారు ఎడమచేత్తో పైటచెంగు నడుము దగ్గర పట్టుకుని, కుడిచేత్తో కెపాసిటరు అతికి, మైకు కలిపింది. మూత పెట్టకుండానే స్విచ్చి వేసింది. వాల్వులు ఆలోచించుకున్నాయి. కొక్కెంతో రెండు చెవుల్లోంచీ కందిగింజలు తీసి గిన్నెలో పడేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

ముందు ఫ్యాను వినపడింది. గరగరలాడుతూ, కోపంగా, బతికున్నదానిలా. తరవాత తన ఊపిరి. కుళాయిలోంచి చుక్క పడితే గిన్నె ఉలిక్కిపడింది. మంగతాయారుకి ఒళ్ళు జలదరించింది. పరవాలేదు, ఏడాది కష్టం ఊరికే పోలేదు.

అప్పుడు మైకు పక్కనే నిలబడ్డ తన్మయిగారు నోరు తెరిచింది. ఆ గొంతు మంగతాయారు ఎప్పుడూ వినలేదు. కొద్దిగా బొంగురు, చివర్లో సాగదీత, మధ్యలో ఎక్కడో నవ్వు దాచిపెట్టుకున్న గొంతు.

"పేషెంటు బతికాడా డాక్టరమ్మా? బతికితే చెప్పు, పులిహోర చేయిద్దాం. నువ్వొద్దులే, ఎవరిచేతనైనా."

మంగతాయారు హెడ్‌ఫోన్లని రెండు చేతులతో చెవులకి అదుముకుంది.

"నిన్నటి చారు బ్రహ్మాండం తల్లీ. మిగిలినదాంతో పొద్దున్న నా కాళ్ళు కాపుకున్నాను, నొప్పులు ఇట్టే పోయాయి." తన్మయిగారు టార్చి ఆర్పి బల్లమీద పెట్టింది. "శనివారం నుంచి నీకేం లోటమ్మా! టార్చికో స్టాండు కొనుక్కో. నాకంటే తక్కువ తింటుంది."

చివరి మాట దగ్గర గొంతు కాస్త తడబడింది. ఆ తడబాటు కూడా వాల్వు దాచలేదు.

మంగతాయారుకి కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ దాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది ఇంకేదో, పండగనాడు వాకిట్లో బాణాసంచా పేలినప్పటి సంబరం లాంటిది. గోదావరి జిల్లాలో పుట్టి, పెరిగి, కాపరం చేస్తూ, వెటకారమంటే ఎలా ఉంటుందో మరిచేపోయి, నలభై మూడో ఏట మళ్ళీ వింటోంది తను!

"కాళ్ళకైనా పనికొచ్చిందిగా అత్తయ్యగారూ! మొన్న మీరు చేసిన ఉప్మాతో గోడ పగులు పూడుద్దామంటే, గోడే వద్దంది!"

అని, ఊపిరి బిగబట్టి చూసింది.

తన్మయిగారి మొహం వెల్లవేసిన గోడలా అయిపోయింది. "అదిగో, మళ్ళీ మొదలు" అంది మెల్లిగా, తనలో తను. "మీ ఉప్మా బాగుందట. కాపరానికొచ్చిన పంతొమ్మిదేళ్ళుగా అన్నీ బాగున్నాయట. చురక పెడితే రాయైనా చిట్లుతుందే, దీనికి నేను మనిషినన్న లెక్కే లేదు. ఏం ఉండి ఏం లాభం!" అంటూ గుమ్మంవైపు తిరిగింది.

ఆవిడ చెవుల్లో కందిగింజలు అలాగే ఉన్నాయి!

మంగతాయారు హెడ్‌ఫోన్లు పీకేసి ఒక్క ఉదుటున వెళ్ళి అత్తగారి చెయ్యి పట్టుకుంది. మాటలతో లాభంలేదు, ఏమన్నా పెసరకట్టయిపోతుంది. బరబరా లాక్కొచ్చి కుర్చీలో కూలేసింది. కొక్కెం చూపించింది. తన్మయిగారు తల అడ్డంగా ఊపింది. మంగతాయారు దణ్ణం పెట్టింది. తన్మయిగారు కొక్కేన్నీ కోడల్నీ మార్చి మార్చి చూసి, కోడలికి నిజంగానే మతిపోయిందన్న నిర్ధారణకి వచ్చినట్టుంది, జాలిపడి చెవులప్పగించింది.

హెడ్‌ఫోన్లు ఆవిడ తలకి తగిలించి, మంగతాయారు మైకు ముందుకి వంగింది. ఇప్పుడు తనకేమీ వినపడదు. గాజుపెట్టెలోంచి మాట్లాడుతున్నట్టుంది.

"మీ ఉప్మా గోడక్కూడా అంటుకోలేదన్నానండీ! టార్చి స్టాండు కొనచ్చు, తక్కువే తింటుంది, కానీ చారుకి వంకలు పెట్టే స్టాండు ఏ కొట్లో దొరుకుతుంది? ఈ గయ్యాళి గొంతు ఎక్కడ దాచారిన్నాళ్ళూ?"

తన్మయిగారు కళ్ళార్పలేదు. వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి. తరవాత ఆవిడ భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తోందేమోనని మంగతాయారు గాభరాపడింది. ఏడవడం లేదు. పడీపడీ నవ్వుతోంది, పొలమారి, దగ్గి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వుతోంది. ఉన్నపళాన హెడ్‌ఫోన్లు తీసి కోడలి నెత్తిన పెట్టి మైకు అందుకుంది.

"గయ్యాళా? నన్ను గయ్యాళంటావుటే? ఇంకోసారను!"

ఒకటే జత హెడ్‌ఫోన్లు. ఒకరనాలంటే రెండోవాళ్ళు పెట్టుకుని కుదురుగా వినాలి, విన్నాక తీసి ఎదుటివాళ్ళకివ్వాలి. కాకినాడ చరిత్రలో అంత మర్యాదగా జరిగిన దెబ్బలాట ఇంకోటి ఉండదు. పంతొమ్మిదేళ్ళ బాకీలు ఒక్కొక్కటే బల్లమీదికొచ్చాయి. పెళ్ళిలో పెట్టిన చీర రంగు, కాకర పులుసులో బెల్లం, కోదండానికి గారం చేసిందెవరు, పాడుచేసిందెవరు. ఏమన్నావు, మళ్ళీ అను అని ఇద్దరూ అడిగి మరీ అనిపించుకున్నారు. గంటన్నర గడిచింది. అన్నం సంగతి ఎవరికీ గుర్తులేదు.

మధ్యలో ఒకసారి తన్మయిగారు మైకుని రెండు చేతులతో పట్టుకుని దగ్గరకి లాక్కుంది.

"నీకు వినపడట్లేదని అనుకోలేదే మంగా" అంది. "నా మాటల్లో ఒక్క బూతు ముక్క ఉండదు, ఒక్క శాపనార్థం ఉండదు. అంతా మర్యాదే. దాన్ని ఆ యంత్రమేం పట్టుకుంటుందిలే అనుకున్నాను. వెటకారం కూడా తీసేస్తోందని నాకెవరు చెప్పారు? పొద్దల్లా నీతోనే మాట్లాడేదాన్ని. రాత్రుళ్ళు పడుకుని రేపేమనాలో ఆలోచించుకునేదాన్ని. పొద్దున్నే అంటే, సంతోషం అత్తయ్యగారూ అని నవ్వేదానివి. నాతో దెబ్బలాడ్డానిక్కూడా నేను తగనా అనిపించింది. అందుకనే ఆ గది తీసుకున్నాను."

మంగతాయారు కుర్చీ దగ్గరకి జరిగింది. హెడ్‌ఫోన్లు తీసి ఆవిడకి పెట్టింది.

"నేను పంతొమ్మిదేళ్ళు మిమ్మల్ని చప్పిడి మనిషనుకున్నానండీ" అంది. "శనివారం వెళ్తున్నారా మరి?"

తన్మయిగారు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. బల్లమీది టార్చి తీసి వెలిగించి, యాంప్లిఫయరు ముందుభాగంలో ఒక ఖాళీ జాగా మీదకి తిప్పింది. హెడ్‌ఫోన్లకి ఇంకో సాకెట్టు పట్టేటంత జాగా. వేలితో అక్కడ రెండుసార్లు తట్టి చూపించింది.

మంగతాయారు కరెంటు తీసి, పైటచెంగు నడుము దగ్గర పట్టుకుని, సోల్డరింగ్ కడ్డీ అందుకుంది. చిల్లు కొట్టి, రెండో సాకెట్టు బిగించి, తీగలు కలపడానికి నలభై నిమిషాలు పట్టింది. అటక మీంచి ఇంకో పాత హెడ్‌ఫోన్లు దిగాయి. వాల్వులు మళ్ళీ ఆలోచించుకుని ఎర్రబడ్డాయి. ఇద్దరూ చెరో జతా పెట్టుకుని ఎదురూ బొదురూ కూర్చున్నారు. ఇక వంతులక్కర్లేదు, ఒకరి మాట మీద ఒకరు పడచ్చు.

"ఉండు, ముందో ఫోను చేసుకోనీ" అని తన్మయిగారు యానాం నివాసానికి ఫోను కలిపింది.

"నమస్కారమండీ, తన్మయిని మాట్లాడుతున్నాను. శనివారం నుంచి నా పేరున గది ఉంది కదండీ, అది ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. అబ్బే, ఆరోగ్యం బాగానే ఉందండీ. ఇంట్లో ఇప్పుడే గొడవ మొదలైంది. మధ్యలో వదిలేసి రావడానికి వీల్లేదు."