నాలుగు కిలోల రెండు వందల గ్రాములు

ఏజెంట్ నలభై ఒకటి కొండ మీద చనిపోయాడు. ఒంటి మీద బుల్లెట్ గాయం లేదు, కడుపులో విషం లేదు. మొదటి కనుమ దాటుతూ మంచులో కాలు జారాడు. వీపున ఉన్న ఇరవై రెండు కిలోల సంచి అతన్ని లోయలోకి లాక్కుపోయింది. ఆ సంచిని సర్దింది శత్రువులు కాదు, సొంత డిపార్ట్‌మెంటే.

"అతని పని ఇప్పుడు నీది," అన్నాడు చీఫ్, గోడ మీద మ్యాపు ముందు నిలబడి.

ఎదురుగా కూర్చున్న మనిషికి నలభై ఏడేళ్ళు. ఆఫీసులో ఆమెని అందరూ త్రాసు అంటారు. చేతికిచ్చిన ఏ వస్తువునైనా ఒక్కసారి ఎగరేసి పట్టుకుని బరువు చెప్పేస్తుంది. నలభై ఒకటికి కొండలెక్కడం నేర్పింది ఆమే. పొద్దున కబురు తెలిసిన దగ్గర్నించి ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోతోంది.

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పటిలాగే గడగడా సాగింది. ముఠా పేరు 'గొడుగు'. సరిహద్దు అవతలి మనుషులు. డ్యామ్ గేట్లలో ఎక్కడో ఒక పరికరం అమర్చేశారు. దాన్ని పేల్చే రిమోట్ మాత్రం కొండల మీదుగా, ఒంటరి హైకర్ వేషంలో ఒక కొరియర్ తెస్తున్నాడు. డ్యామ్ కంటికి కనిపించే చివరి గట్టు మీదికి చేరితేనే అది పనిచేస్తుంది. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకి, షిఫ్టు మారే వేళకి నొక్కుతారు. డ్యామ్ కింద ముప్ఫై వేల మంది ఉన్న ఊరు.

"ఊరు ఖాళీ చేయిస్తే?"

"తేదీ మార్చుకుంటారు. హెలికాప్టర్ పంపినా అంతే. కింది నుంచి గట్టెక్కే దారంతా వాళ్ళ మనుషులే. హైకర్లు నడిచే ట్రెయిల్ మీద వెనక నుంచి వెళ్ళాల్సిందే. నూట అరవై కిలోమీటర్లు. మామూలుగా ఎనిమిది రోజుల నడక. కొరియర్ బయలుదేరి మూడు రోజులైంది."

"అంటే నాకు ఐదు రోజులు."

"చివరి గుడిసెలో ముత్యం నిన్ను కలుస్తుంది. ముఠాలో మన మనిషి. కొరియర్ ఎవరో ఆమె చూపిస్తుంది." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకో మాట. నీ చెల్లెలు ఆ డ్యామ్ కంట్రోల్ రూమ్‌లో పనిచేస్తోంది కదా. రూల్ ప్రకారం నిన్ను పంపకూడదు."

"రూల్ ప్రకారం పంపినవాడు మార్చురీలో ఉన్నాడు చీఫ్."

చీఫ్ ఫైల్ మీద సంతకం పెట్టి ఇచ్చేశాడు.

స్టోర్ రూమ్ బేస్‌మెంట్‌లో ఉంది. ట్యూబ్‌లైట్ కింద పొడవాటి బల్ల, దాని మీద స్టాండర్డ్ కిట్ సిద్ధంగా పరిచి ఉంది. స్టోర్ ఇన్‌చార్జిని డిపార్ట్‌మెంటంతా బాబాయ్ అనే పిలుస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా కమిటీ లిస్టు చూసి సంచులు సర్దుతున్నాడు. ఈ రోజు మాత్రం ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

త్రాసు వంటింటి కాటా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇదేంటి బాబాయ్?"

"శాటిలైట్ రేడియో. మూడు కిలోలు."

"తీసెయ్. ఇది?"

"నైట్ విజన్ బైనాక్యులర్స్. కిలోన్నర."

"రాత్రి పడుకుంటాను. తీసెయ్. ఈ బొచ్చేంటి?"

"మారువేషం కిట్‌లో గడ్డం," అన్నాడు ఆయన, తలెత్తకుండా. "నలభై గ్రాములేనమ్మా."

"నాకు గడ్డమెందుకు?"

"లిస్టులో ఉంది."

ఆమె ఒక్క క్షణం ఆయన వైపు చూసింది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. గడ్డం కూడా కింద పెట్టెలోకి వెళ్ళింది. ఆ వెనకే కత్తి దాచిన బూట్లు, కెమెరా పెన్ను, రెండు జతల ప్యాంట్లు, టెంటు వెళ్ళాయి. టెంటు బదులు పలచటి టార్పాలిన్ ముక్క తీసుకుంది, నడిచే కర్రలే దానికి గుంజలు. స్లీపింగ్ బ్యాగ్ బదులు ఈకల దుప్పటి. ఫోమ్ చాపని నడుం దాకా కోసేసింది, కాళ్ళ కింద ఖాళీ సంచి వేసుకుంటే చాలు. మ్యాపు అంచులు కత్తిరించింది. ఒక గిన్నె, ఒక చెంచా, చిన్న గ్యాస్ డబ్బా, వాన కోటు, రెండు జతల సాక్సులు. సాక్సుల దగ్గర మాత్రం ఆమె పిసినారితనం చూపించదు.

చివరికి పిస్టల్ మిగిలింది.

"తొమ్మిది వందల గ్రాములు," అంది ఎగరేసి పట్టుకుని. "ఒకటిన్నర రోజు తిండి."

గుమ్మం దగ్గర చీఫ్ గొంతు వినిపించింది. "ఆయుధం లేకుండా వెళ్తే నీకేమైనా జరిగితే డిపార్ట్‌మెంట్ బాధ్యత వహించదు."

"నలభై ఒకటికి ఏం బాధ్యత వహించింది? ఈ లిస్టు రాసిన కమిటీలో ఒక్కరైనా కొండెక్కారా? రాసిచ్చేయండి, నా చావు నాదే."

చీఫ్ రాసివ్వలేదు, అడ్డమూ చెప్పలేదు. బాబాయ్ నెమ్మదిగా డ్రాయర్ తెరిచి చిన్న రంపం తీశాడు. ఆమె టూత్‌బ్రష్ అందుకుని పిడిని సగానికి కోసి ఇచ్చాడు.

"ఎనిమిది గ్రాములు తగ్గింది," అన్నాడు. "ఆ రోజు వాడు కూడా బరువెక్కువైందన్నాడమ్మా. లిస్టు లిస్టేనన్నాను."

ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. తిండి, నీళ్ళు కాక కాటా మీద సంచి నాలుగు కిలోల రెండు వందల గ్రాములు తూగింది.

ఐదు రోజులు ఆమె నడిచింది. తెల్లారకముందే లేచి, వెలుగు పోయేదాకా. రెండో రోజు వడగళ్ళు పడితే టార్పాలిన్ కప్పుకుని నడుస్తూనే తింది. మూడో రోజు మడమల తోలు లేచింది. నాలుగో రోజు మోకాలు మొరాయిస్తే దాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. ఎదురొచ్చిన హైకర్లు ఆమె సంచి చూసి, పిక్నిక్‌కి వచ్చి దారి తప్పిందేమోనని జాలిపడ్డారు. ఆమె ఎవరి దగ్గరా ఆగలేదు. ముప్ఫై వేల మంది ఆమెకి లెక్క మాత్రమే. కళ్ళ ముందు కనిపిస్తున్నది స్విచ్చుల ముందు కూర్చున్న చెల్లెలు ఒక్కతే.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి చివరి గుడిసె తలుపు తోసింది. రాతి గోడలు, కట్టెల పొయ్యి, ఒక బల్ల. బల్ల దగ్గర ఎర్ర జాకెట్‌లో ఒక స్త్రీ టీ కలుపుతోంది. ఇంత కొండ మీద కూడా లిప్‌స్టిక్ చెక్కుచెదరలేదు.

"ఇక్కడ ఉప్పు దొరుకుతుందా?" అంది త్రాసు.

"ఉప్పు లేదు. చక్కెరుంది, అదీ తడిసింది."

కోడ్ సరిపోయింది. ముత్యం గొంతు తగ్గించింది. "కొరియర్ ఒక గడ్డం ప్రొఫెసర్. అరగంట క్రితం పడమటి గట్టు వైపు వెళ్ళాడు. ఒక గుక్క టీ తాగి పరిగెత్తండి, అందుకుంటారు."

త్రాసు నిలబడే టీ తాగింది. ట్రెయిల్ మీద ఒక ఆనవాయితీ ఉంది. చివరి గుడిసెకి చేరినవాళ్ళు మిగిలిన గ్యాస్ డబ్బాని అలమరలో వదిలిపెడతారు, అవతలి నుంచి వచ్చేవాళ్ళకి పనికొస్తుందని. అప్పటికే అక్కడ ఐదారు డబ్బాలున్నాయి. ఆమె తన డబ్బాని వాటి పక్కన పెట్టింది.

"మీది కూడా పెట్టేయనా?" అంటూ బల్ల మీద ఉన్న ముత్యం డబ్బా అందుకుంది.

"వద్దు, వద్దు. అదయిపోవచ్చింది. ఎనిమిది రోజులూ రెండు పూటలా దాని మీదే కదా టీ."

త్రాసు చెయ్యి ఆగిపోయింది. ఈ సైజు డబ్బా కొత్తది రెండు వందల గ్రాములుంటుంది. అయిపోతే వంద. చేతిలో ఉన్నది మూడు వందల యాభైకి తగ్గదు. అందులో ఉన్నది గ్యాస్ కాదు. పడమటి గట్టు మీద ప్రొఫెసరూ లేడు.

తలెత్తేసరికి ముత్యం చేతిలో పిస్టల్ ఉంది.

"కింద పెట్టు."

"కాల్చు," అంది త్రాసు. "లోయంతా మోగుతుంది. కింద డ్యామ్ సెంట్రీలు విని సైరన్ మోగిస్తారు, ఊరు ఖాళీ అయిపోతుంది. ఇన్ని రోజుల నడక దండగ."

ముత్యం నవ్వింది, కానీ ట్రిగ్గర్ నొక్కలేదు. "ఐదు రోజుల్లో వచ్చావంటే మెచ్చుకోవాలి. ఆ ముందొచ్చినవాణ్ణి మొదటి కనుమ దగ్గర చూశాను, సామాను మోసే గాడిదలా ఉన్నాడు."

ఆ మాటకి త్రాసు రక్తం సలసలా మరిగింది. అయినా కదల్లేదు. ముత్యం పిస్టల్ గురి తప్పకుండా డబ్బా లాక్కుని, వెనక్కి అడుగులేస్తూ బయటికి పోయి గొళ్ళెం పెట్టేసింది. అప్పుడు టైము మూడూ నలభై రెండు.

పొయ్యి మీద పొగ పోవడానికి చిన్న కిటికీ ఉంది. సంచితో పట్టదు. త్రాసు సంచి వదిలేసి, కర్ర ఒకటి ముందు తోసి, తల, భుజాలు, నడుం ఈడ్చుకుంటూ అవతల రాళ్ళ మీద పడింది. పైన ముత్యం వంకర్ల బాట పట్టి ఎక్కుతోంది. త్రాసు బాట వైపు చూడనైనా చూడకుండా, గులకరాళ్ళ జారుడు మీద నిట్టనిలువుగా కాళ్ళూ చేతులూ ఆనించి ఎక్కింది. ఐదు రోజుల్లో మొదటిసారి వీపు మీద ఏమీ లేదు.

మూడూ యాభై తొమ్మిది. గట్టు మీద ముత్యం డబ్బా అడుగు మర విప్పి, యాంటెన్నా లాగింది. రెండు చేతులూ కావాలి కాబట్టి పిస్టల్ జేబులో పెట్టుకుంది. కింద డ్యామ్ తెల్లగా మెరుస్తోంది. ఆమె బొటనవేలు బటన్ మీదికి దిగుతుండగా, అంచు మీద నుంచి కర్ర ఒకటి లేచి మణికట్టు మీద ఫెడేల్మని పడింది. కర్ర విరిగింది. రిమోట్ ఎగిరి, బండ మీద రెండు సార్లు తగిలి, మూడు ముక్కలుగా అగాధంలోకి పోయింది.

ముత్యం చెయ్యి పట్టుకుని కూలబడింది. త్రాసు ఆమె మీద మోకాలు పెట్టి, జేబులోంచి పిస్టల్ లాగి, ఆమె బూట్ల లేసులతోనే చేతులు కట్టేసింది.

"నీకు పిస్టల్ కూడా ఇవ్వలేదా మీవాళ్ళు?" అంది ముత్యం, రొప్పుతూ.

"ఇచ్చారు. నేనే వద్దన్నాను."

ముఠా మనుషుల కంట పడకుండా అడవి దారిన దిగి, ముత్యాన్ని సెంట్రీలకి అప్పగించాక, ఆరు గంటలకి త్రాసు డ్యామ్ క్వార్టర్స్‌లో ఒక తలుపు తట్టింది. చెల్లెలు తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. ఆమె వెనక నుంచి ఇద్దరు పిల్లలు తొంగిచూశారు.

"ఏంటక్కా ఈ అవతారం? ఎలా వచ్చావు?"

"కొండ మీద నుంచి నడిచొచ్చానే." త్రాసు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "ఇవాళ డ్యూటీ ఎలా జరిగింది?"

"ఏముంది, రోజూ ఉండే బోరే." చెల్లెలు ఆమె ఖాళీ చేతుల వైపు, ఖాళీ వీపు వైపు చూసింది. "నాలుగేళ్ళకి మొహం చూపిస్తూ చేతులూపుకుంటూ వచ్చావా? పిల్లలకి ఒక బిస్కెట్ ప్యాకెట్ బరువైపోయిందా నీకు?"

గొడుగు ముఠాకి తల వంచని ఏజెంట్, నోరెత్తకుండా చెప్పులు అరువడిగి బజారుకి బయలుదేరింది.