మూగ తరంగం మీద ఆడగొంతు

తుర్కయంజాల్ చివర ఆ ఖాళీ ఇంట్లో ఎవరూ మూడు నెలలు నిలవరు. రాత్రయితే లోపల ఆడమనిషి మాట్లాడుతుందట… ఇది ఎవరికో జరిగిందని చెబితే నా పరువు దక్కేది. కానీ జరిగింది నాకే.

నేను రేడియో తరంగాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆకాశంలో నూరు కిలోమీటర్ల ఎత్తున ప్లాస్మా పొర ఉంది. బలమైన స్టేషన్ తరంగం దాన్ని వేడెక్కిస్తే, అదే దారిన పోయే మరో స్టేషన్ తరంగానికి మొదటిదాని గొంతు అంటుకుంటుంది. దాన్ని ఒక్కసారి రికార్డు చేయాలి. మూడేళ్లయింది, చిక్కలేదు. ఆ రాత్రి తెల్లవారితే మా గైడు పెట్టిన గడువు అయిపోతుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో నా గది కింద కోచింగ్ సెంటర్ ఎల్‌ఈడీ బోర్డు వెలుగుతుంటే రేడియోలో గరగర తప్ప ఏమీ వినపడదు. అందుకే ఊరవతల ఆ ఇల్లు. తాళంచెవి ఇస్తూ పక్కింటి అండాలమ్మ గొంతు తగ్గించింది.

"బిడ్డా… గా ఇంట్ల ఒక్కనివే పండకు."

"సైన్సు చదివినోణ్ని పెద్దమ్మా," అని నవ్వాను. అప్పుడింకా పగలే మరి.

అర్ధరాత్రి దాటింది. రేడియోకు తగిలించే రికార్డింగ్ వైరు గదిలోనే మరిచిపోయానని అప్పుడు తెలిసింది. చేసేదేం లేక స్పీకరు ముందు ఫోన్ పెట్టి రికార్డింగ్ నొక్కాను. కార్యక్రమాలు ముగించి ఉత్త తరంగం మాత్రమే పంపుతున్న ఓ దూరపు స్టేషన్ పట్టుకున్నాను. నిశ్శబ్దం… కుక్కలు కూడా మొరగడం లేదు…

"ఒంటరిగా… ఇంకా… మేలుకునే ఉన్నారా…"

ఆడగొంతు — నీళ్లలోంచి వచ్చినట్టు…

మూడేళ్లు దేనికోసం చెవులు రిక్కించానో అదే వచ్చింది. ఆ సంగతి నాకు తట్టనే లేదు. కాళ్లు కదల్లేదు, నోరు మాత్రం కదిలింది. "జై హనుమాన్!" అంటూ ఆ గొంతు ఆగేదాకా అరిచాను. ఆగగానే ఫోన్ లాక్కొని, తలుపు బార్లా, తాళంచెవి తలుపుకే వదిలేసి బండెక్కాను. ఎల్బీ నగర్ ఎప్పుడు దాటానో తెలియదు. తేలింది కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి మూసిన గేటు ముందు.

పొద్దున్నే మా గైడు జ్యోతిక మేడం రికార్డింగ్ విన్నారు. ఆ వేళకు ఓ పెద్ద స్టేషన్‌లో రాత్రి కార్యక్రమం సరిగ్గా ఆ మాటతోనే మొదలైందని ఇంటర్నెట్‌లో చూపించారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆవిడ ఇయర్‌ఫోన్లు పీకి పక్కన పడేశారు.

"జగన్… తర్వాత పదకొండు నిమిషాలు అరిచిందెవరు?"

ఏడుపొక్కటే తక్కువ. జాలిపడి ఇంకొక్క రాత్రి గడువిచ్చారు. సిగ్గు మింగుకొని మళ్లీ తాళంచెవికి పోయాను. ఇంటికి తాళం వేసి చెవి కొంగున ముడేసుకున్న అండాలమ్మ ఆ ముడి విప్పలేదు.

"మంచిగ ఉరికినవ్ బిడ్డా," అంది గుసగుసగా. "రాత్రి మొగదయ్యం సుత జమైంది… గొంతు చించుకొని ఒర్రింది. దయ్యమే హనుమంతుని పేరు దీస్తే… ఇగ మనం ఎవ్వలను పిలవాలె?"